మనోవ్యాధికి దూరచికిత్స

మా యిల్లు మూడు గదుల యిల్లు. ముందుగదికి వీధితలుపు తప్ప వేఱు తలుపు లేదు. పడకగదికి తలుపున్నది గాని, అది వానలకు ఉబ్బి గడియ పడుట మానివేసి పదేండ్లయినది. మిగిలినది వంటయిల్లు. వైద్యమునుగూర్చి వ్రాయబూని యింటి వాస్తు చెప్పుచున్నామేమని చదువరులు శంకింపవచ్చును. మేము చెప్పబోవు వైద్యము మందుసీసాతో జరుగునది కాదు, మాటతో జరుగునది. అందును ఎదుట గూర్చున్న మనుష్యునితో గాక, సెల్‌ఫోను తెరపై గనబడు మనుష్యునితో జరుగునది. అట్టి వైద్యమునకు మొదట కావలసిన పరికరము గడియ పడు తలుపు. ఈ సంగతిని దానిని పొగడినవారు గాని తెగడినవారు గాని మాకు ముందుగా జెప్పలేదు.

2023వ సంవత్సరమున, అధిక శ్రావణము వచ్చిన యేట, మాకు నిద్ర తప్పినది. పండుకొనగానే కన్ను మూతపడెడిది. తెల్లవాఱుజామున మూడు గంటలకు మెలకువ వచ్చెడిది. ఆ తరువాత కోడికూత వఱకు ఇంటికప్పువంక చూచుచుండుటయే పని. అన్నము రుచింపలేదు. వార్తాపత్రికలో చదివిన వాక్యమునే మఱల మఱల చదువుచుంటిమి. మొదటి పరీక్షల జవాబుపత్రములు నూటపండ్రెండు బల్లమీద నుండగా, ఎఱ్ఱకలము చేతబట్టి మూడు సాయంకాలములు ఒక్క పత్రము ముందే కూర్చుంటిమి. ఒకనాడు పదవ తరగతిలో బహువ్రీహి సమాసమునకు ఉదాహరణము చెప్పబోయి నిలిచిపోతిమి. ఇరువదియేండ్లుగా జెప్పుచున్న మాట నోటికి రాలేదు. పిల్లలు నవ్వలేదు. నవ్వినచో కొంత బాగుండెడిది.

మా యింట ఆ యేడు చావు లేదు, అప్పు లేదు, పరువు పోయిన పని యేదియు జరుగలేదు. అదియే మమ్ము మఱింత సిగ్గుపఱచినది. కారణము గల దుఃఖమునకు మనలో గొంత మర్యాద గలదు. నలుగురు వచ్చి పలుకరింతురు, క్యారియరులో అన్నము పంపుదురు. కారణము కనబడని దుఃఖమునకు మనవారు పెట్టిన పేరు బద్ధకము. ఆ మాటను మేమే యెందఱో బాలురపై ప్రయోగించియున్నాము. దీనికి వైద్యులు పెట్టిన పేరు డిప్రెషను. కుంగుబాటని తెలుగు చేసికొన్నాము. పేరు తెలిసినంతమాత్రమున అది మనకే వచ్చినదని తెలియదు.

మేము సంస్కృతము చదివినవారము. భగవద్గీత మొదటి యధ్యాయమునకు అర్జునవిషాదయోగమని పేరన్న సంగతిని పిల్లలచే వల్లె వేయించినవారము. అవయవములు పట్టు దప్పుట, నోరెండుట, ఒడలు వణకుట, చేతినుండి విల్లు జాఱుట, నిలువలేకపోవుట, మనస్సు గిఱ్ఱున దిరుగుట — ఇవి యన్నియు అందు అర్జునుడు తన నోట జెప్పుకొన్నవే. వానిలోని సంధులను విడదీసి చెప్పితిమే గాని, ఇది యొక రోగి తన బాధను వైద్యునితో జెప్పుకొనుచున్న రీతి యని మాకు తోచలేదు. ఎఱ్ఱకలము చేతినుండి జాఱిన తరువాత గాని తోచలేదు. ఐతే అర్జునునకు వైద్యుడు ఆ రథముమీదనే యుండెను. మాకు అందుబాటులోని మానసికవైద్యుడు గోదావరి కావల, రాజమహేంద్రవరమున నుండెను.

దూరము కాదు మమ్ము ఆపినది. మా తణుకునుండి రాజమహేంద్రవరమునకు బస్సులకు కొదవ లేదు. ఆ వైద్యశాల వాకిట మా విద్యార్థి తండ్రి యెవరైన మమ్ము చూచినచో? మనలో 'పిచ్చి డాక్టరు' అను మాట గలదు. మా వైపు ఎవనినైన మతి చెడినవాడని వేళాకోళము చేయవలసినప్పుడు చినవాల్తేరు పంపవలెనందురు. విశాఖపట్టణమున ప్రభుత్వ మానసిక వైద్యశాల యున్న పేట యది. హైదరాబాదు వైపువారు ఎఱ్ఱగడ్డ యందురు. ఆ చినవాల్తేరు మాటను మేమును ఒకమాఱు తరగతిలో నొక బాలునితో ననియున్నాము. తరగతి యంతయు నవ్వినది. ఆ నవ్వు మాకు మూడు గంటల వేళ వినబడుచుండెడిది.

మాకు ఖమ్మమున నొక చెల్లెలు గలదు. 2011లో ఆమెకు రెండవ కాన్పు తరువాత ఇట్టి వ్యాధియే వచ్చినది. బిడ్డను ఎత్తుకొనదు, ఎవరితోను మాటలాడదు, గోడవైపు తిరిగి పండుకొనును. అత్తవారు దిష్టి తీయించిరి. మే మంతకంటె చదువుకొన్నవారము గనుక, ధైర్యమునుగూర్చి నాలుగు శ్లోకములు ఏఱి, తాత్పర్యసహితముగా ఉత్తరము వ్రాసి పంపితిమి. ఏడాది గడచిన పిదప, ఆ వీధికి టీకాలు వేయవచ్చు నర్సమ్మ యొకతె కనిపెట్టి, తానే వెంటబెట్టుకొని పెద్దాసుపత్రికి తీసికొనిపోగా ఆమె కోలుకొన్నది. మా యుత్తరమునుగూర్చి యామె పండ్రెండేండ్లు ఒక్కమాటయు ఎత్తలేదు.

2023 భాద్రపదమున ఒక రాత్రి ఆమె ఫోను చేసెను. మా యింటియామె ఏదో చెప్పినట్లున్నది.

"అన్నయ్యా, మూడింటికి లేస్తున్నావా?"

"వయసు వచ్చింది కదమ్మా. నిద్ర తగ్గుతుంది."

"నువ్వు నాకు రాసిన శ్లోకాలు బీరువాలో దాచి ఉంచాను. తిరిగి పంపించమంటావా?"

మేము బదులు చెప్పలేకపోతిమి. ఆమెయు కొంతసేపు ఊరకుండి, "డాక్టరు దగ్గరికి వెళ్ళలేకపోతే పోనీ, ఫోనులోనైనా ఎవరితోనన్నా మాట్లాడు. ఇప్పుడు అలాంటివి ఉన్నాయట" అనెను.

మాటలాడుటకు మనుష్యుడు కావలయును. మనుష్యునకు మన ముఖము తెలియును. అందుచేత మేము మొదట మనుష్యుడు లేని చికిత్సనే యెంచుకొంటిమి. సెల్‌ఫోనులో దించుకొను యాప్ ఒకటి, ఉచితము, ఆంగ్లమున నడచునది. అది ప్రతిదినమును ఐదు ముఖముల బొమ్మలు చూపి, నేడు నీ ముఖము వీనిలో నేదని యడుగును. తరువాత పాఠము. ఆ పాఠముల మూలము మంచిదే. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఆరన్ బెక్ అను వైద్యుడు 1960 దశకమున నేర్పఱచిన పద్ధతి యది. కుంగినవాని మనస్సు తన్నుగూర్చియు, లోకమునుగూర్చియు, రాబోవుదానినిగూర్చియు అప్రయత్నముగా చెడ్డ తీర్పులు చెప్పుచుండును. ఆ తీర్పును పట్టి కాగితముమీద బెట్టి, దీనికి సాక్ష్యమేమని యడుగవలయును. తోడనే, మానివేసిన పనులను చిన్న మోతాదులలో మఱల మొదలుపెట్టవలయును. తర్కము కొంచెము చదివిన మాకు ఇది పూర్వపక్షమును ఖండించు రీతిగా దోచి నచ్చినది.

నచ్చియు, రెండు పాఠములతో ఆగిపోతిమి. మేము ఆ యంత్రమునకు మంచి యింగ్లీషు వ్రాయుచుంటిమి. పదములు ఏఱుచు, వ్యాకరణము సరిచూచుకొనుచు, మార్కుల కొఱకు వ్రాసినట్లు వ్రాయుచుంటిమి. అందు వ్యాసరచన యున్నది గాని మా దుఃఖము లేదు. మూడవ పాఠము తెఱువలేదు. ఏల తెఱువలేదని యంత్రము దినమున కొకసారి గంట మ్రోగించి యడిగెడిది. ఆ గంటను ఆపివేయుటకు మీటయు నందే యున్నది.

ఇది మా దోషమే యనుకొంటిమి. కొంత తేఱుకొన్న పిదప ఈ విషయమున జరిగిన పరీక్షల వృత్తాంతములను చదువగా, మావంటివారు లోకమున కొల్లలని తెలిసినది. ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయమువారు 2001లో మూడ్‌జిమ్ అను పాఠావళిని అంతర్జాలమున నుంచిరి. దానిని 525 మందితో జరిపిన పరీక్షలో చేర్చి, కుంగుబాటు లక్షణములను తగ్గించుచున్నదని 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిరి. మందు దొరకినదని లోకము సంతసించినది. 2015లో అదే పత్రికలో ఇంగ్లండులోని యార్క్ పండితులు తమ పరీక్షాఫలమును ప్రకటించిరి. వారు మూడ్‌జిమ్‌ను, అటువంటిదే యగు మఱియొక పాఠావళిని, సామాన్యవైద్యులయొద్దకు వచ్చిన 691 మంది రోగులతో పరీక్షించిరి. మామూలుగా జరుగు చికిత్సకంటె అదనపు మేలు కనబడలేదు. పాఠములన్నియు ముగించినవారు ఒకదానిలో నూటికి 18 మంది, రెండవదానిలో నూటికి 16 మంది. పాఠము చెడ్డదై కాదు, చదువువాడు లేక. రెండు పాఠములతో ఆగిన మేము ఆ గుంపులో సుఖముగా ఇముడుదుము.

2009లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరీక్ష వేఱు విధము. అందు 297 మంది రోగులు. తెర కావల యంత్రము గాక, శిక్షణ పొందిన చికిత్సకుడు కూర్చుండి, అదే సమయమున రోగితో అక్షరములద్వారా సంభాషించెను. ముఖము లేదు, గొంతు లేదు. టైపు చేసిన మాటలే. నాలుగు నెలలకు, ఆ చికిత్స పొందినవారిలో నూటికి 38 మందియు, తమ వంతుకై వేచియుండి మామూలు వైద్యము మాత్రము పొందినవారిలో 24 మందియు కోలుకొనిరి. ఇది మహాద్భుతము కాదు. కాని మనోవ్యాధికి ఏ చికిత్సయు మహాద్భుతము కాదు, మాత్రయు అంతియే. 2021లో 39 పరీక్షలలోని 9,751 మంది లెక్కలను ఒక్కచోట గూర్చి తూచినవారు తేల్చినది ఇది: స్వల్పముగా కుంగినవారికి తోడున్నను లేకున్నను ఇంచుమించు ఒకటే; వ్యాధి ముదిరినకొలది తోడు గల చికిత్సకే మేలు అధికము. ఉపాధ్యాయునకు ఇందు ఆశ్చర్యపడదగిన దేమియు లేదు. గైడుపుస్తకము కొనుక్కొని ప్యాసగు పిల్లలు గలరు. వారు ఎట్లయినను ప్యాసగువారే.

దూరమునుండి మనస్సునకు చికిత్స చేయుట నేటి వింత యనుకొనరాదు. వియన్నా వైద్యుడు ఫ్రాయిడు 1909లో ప్రకటించిన యొక బాలుని వృత్తాంతమున చికిత్స నడపినవాడు ఆ బాలుని తండ్రి. ఫ్రాయిడు ఆ కాలమున బాలుని ఒక్కమాఱు మాత్రమే చూచి, తండ్రి వ్రాసి పంపిన సంగతులను చదివి దారి చెప్పెను. యంత్రముతో మొఱపెట్టుకొనుటయు నేటిది కాదు. 1966లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అను సంభాషణయంత్రమును కల్పించెను. అది మన మాటనే ప్రశ్నగా ద్రిప్పి యడుగును. అంతకుమించి దాని కేమియు తెలియదు. అట్లని యెఱిగియు ఆయన కార్యదర్శిని దానితో కొంచెము మాటలాడి, మీరు గది వెలుపలికి పొండని ఆయననే కోరినదట. అక్కడను తలుపు కావలసివచ్చినది.

మా చెల్లెలే వెదకి, హైదరాబాదులో నొక మనస్తత్వచికిత్సకురాలిని కుదిర్చినది. ప్రతి బుధవారము సాయంకాలము ఆఱు గంటలకు, ముప్పావు గంట సేపు. రుసుము మా జీతమునకు కొంత బరువే. మొదటి బుధవారము డాబా యెక్కితిమి. ప్రక్క డాబామీద ఆరిన బట్టలు తీయుచున్న పిన్నిగారు "ఏం మాస్టారూ, ఎవరండీ ఫోనులో?" అని పలుకరించెను. ట్యూషనని చెప్పితిమి. రెండవ వారము బడిలో సైన్సు సామగ్రి గది తాళము అడిగి పుచ్చుకొని, అస్థిపంజరపు పటముక్రింద గూర్చుంటిమి. అచ్చట సిగ్నలు అందదు. చెప్పరాని మాట నొకదానిని గొంతువఱకు దెచ్చుకొనునప్పటికి తెర నిలిచిపోయెడిది. ఆమె ముఖము తెఱచిన నోటితో బొమ్మవలె నుండిపోయెడిది. మూడవ వారమునుండి గడియ పడని పడకగదియే గతి యైనది. ముందుగదిలో మా తల్లి టి.వి. చూచుచుండెను. డెబ్బదియెనిమిదేండ్ల మనిషి. సరిగా మా వేళకు ఆమె టి.వి.ని కప్పు లేచిపోవునట్లు పెట్టెడిది. "అమ్మగారికి వినికిడి తగ్గిందా?" అని చికిత్సకురాలు సహితము అడిగెను. తగ్గినదనియే చెప్పితిమి. మాకు మాత్రము చిరాకుగా నుండెను.

ఆమె మమ్ము మొదట అడిగిన ప్రశ్న యిది: "మాస్టారూ, మీకున్నది దిగులా, గుబులా, బెంగా?" ఇంగ్లీషు యంత్రము ఇది యడుగనేరదు. బెంగ యనగా ఎదుట లేనివారికొఱకు గలుగునది. గుబులు రాబోవుదానినిగూర్చినది. దిగులు మనస్సు క్రిందికి జాఱుట. దానికి వస్తువు అక్కఱలేదు. మా యవ్వ యే నిఘంటువును జూడక ఈ మూడింటిని మూడు చోటుల వాడెడిది. దిగులని చెప్పితిమి. చెప్పునప్పటికి మా కన్నుల నీరు గ్రమ్మినది. నలుబదియాఱేండ్ల ఉపాధ్యాయుడు తెరమీది పరాయి స్త్రీ యెదుట ఏడ్చుట మాకు తల వంచవలసిన పనియే. ఆమె ఏమియు అనక, మేము కన్నులు తుడుచుకొనువఱకు వేచియుండెను. వేచియుండుట యని వ్రాయుట సులభము. పాఠము చెప్పువారమైన మాకు తెలియును, పిల్లవాడు బదులు చెప్పకున్న పది క్షణము లాగుట ఎంత కష్టమో.

ఆమె పెట్టిన పనులు చిన్నవి. దినమునకు ఐదు జవాబుపత్రములు మాత్రమే దిద్దవలయును, ఆఱవది ముట్టరాదు. ఉదయము ఉండ్రాజవరము దారిన అఱగంట నడువవలయును, ఇష్టమున్నను లేకున్నను. మనస్సు చెప్పు చెడ్డ తీర్పును తెలుగున, మేము మాటలాడు తెలుగున, ఒక కాగితముమీద వ్రాయవలయును. అందు 'మేము' అని వ్రాయరాదు, 'నేను' అని వ్రాయవలయును. ఈ చివరిది అన్నిటికంటె కష్టమైనది.

ఇక తప్పు చెప్పుకొనవలసిన చోటు వచ్చినది. ఈ వ్యాధిని కొలుచుటకు తొమ్మిది ప్రశ్నల పట్టిక యొకటి గలదు; ప్రశ్నకు సున్న మొదలు మూడు వఱకు మార్కులు; మొత్తము ఇరువదియేడు; పది మొదలుకొని మధ్యమమైన కుంగుబాటని లెక్క. మాకు మొదట 17 వచ్చినవి. ఎక్కువ మార్కులు వచ్చిన సిగ్గుపడవలసిన పరీక్ష యది యొక్కటే గాబోలు. తొమ్మిదవ ప్రశ్న, బ్రదుకకుండుటయే మేలన్న తలంపు వచ్చుచున్నదా యని. దానికి సున్న వేసితిమి. అది అబద్ధము. కాగితము ఆ యబద్ధమును నమ్మినది. యాప్ కూడ నమ్మియుండును. నాలుగవ బుధవారము ఆమె ఆ ప్రశ్ననే కాగితము లేకుండ, మెల్లగా, వేఱు మాటలలో నడిగెను. నిజము చెప్పితిమి.

ఆనాడు ఆమె పాఠము నడపలేదు. ఇంట నెవరున్నారు, మా యింటియామెకు తెలియునా, చెల్లెలి ఫోను సంఖ్య యేమి యని యడిగి, మా యెదుటనే ఆ యిద్దఱితోను మాటలాడెను. "తెర మీంచి నేను మీ చెయ్యి పట్టుకోలేను మాస్టారూ. రేపు మీరు మానసికవైద్యుణ్ణి ఎదురుగా చూడాలి. చూశానని నాకు చెప్పాలి" అనెను. మన దేశమున 2020 మార్చిలో ప్రకటింపబడిన దూరవైద్య నియమములలోను ఉన్న సంగతి యిదియే: ప్రాణాపాయము గల సందర్భమున తెరవైద్యుడు తక్షణసాయము మాత్రము చేసి, రోగిని ఎదుటి వైద్యునియొద్దకు పంపవలయును. నియమమట్లున్నది సరే; మమ్ము రెండవనాటి ఉదయము బస్సెక్కించినది నియమము కాదు, మా యింటియామె.

రాజమహేంద్రవరమున ఆ వైద్యశాల వరండాలో బల్లమీద గూర్చుండి తలయెత్తగా, ఎదుటి బల్లమీద మా తొమ్మిదవ తరగతి విద్యార్థి తండ్రి. మేము నెలలతరబడి భయపడిన మనిషియే. ఆయన మొదట ముఖము ప్రక్కకు ద్రిప్పుకొనెను. పిమ్మట తానే లేచి వచ్చెను.

"మీరా మాస్టారూ!"

"నేనేనండీ."

"నాలుగేళ్ళ నుంచి వస్తున్నాను. పొలం కాగితాల పని మీద వెళ్తున్నానని ఇంట్లో చెప్తాను. మావాడికి చెప్పకండి."

"మీరు మాత్రం బళ్ళో చెప్తారా?"

ఇద్దఱమును నవ్వితిమి. మా యింటియామె బిత్తఱపోయి చూచినది. ఆమె మా నవ్వు విని చాలకాలమైనది. ముగ్గురమును వాకిట టీ త్రాగితిమి. ఆయన బిళ్ళలు ఎన్ని గంటలకు వేసికొనవలయునో, మొదటి రెండు వారములు గుణము కనబడకున్న ఎందుకు మానరాదో వైద్యునికంటె వివరముగా జెప్పెను.

వైద్యుడు బిళ్ళ వ్రాసి, మాటచికిత్సను మానవలదనెను. నాలుగు నెలలకు మా మార్కులు 17 నుండి 5కు దిగినవి. ఇందు బిళ్ళ పాలెంత, బుధవారపు మాట పాలెంత, ఉండ్రాజవరపు దారి పాలెంత యని విభజించుట మాచేత గాదు. ఒక్కటి మాత్రము నిశ్చయముగా జెప్పగలము. తెర లేకున్న మేము ఎదుటి వైద్యునియొద్దకు పోయెడివారము కాము. తెర కావల మనుష్యురాలు లేకున్న తొమ్మిదవ ప్రశ్నకు సున్నయే మిగిలెడిది.

మన దేశమున 2015–16లో నిమ్హాన్స్‌వారు జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, ఇరువదిమంది పెద్దవారిలో ఒకరు జీవితమున ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటున బడినవారేయని తేలినది. కుంగినవారిలో నూటికి సుమారు 85 మందికి చికిత్స యందలేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రములలో మన తెలుగు రాష్ట్రములు రెండును లేవు. మన దుఃఖమును అప్పుడు ఎవరును లెక్కపెట్టలేదు. ఇంతమందికి చాలినంత వైద్యులు నేడు లేరు, రేపును ఉండరు. అట్లని యంత్రమునకు అప్పగింపవలసిన పనియు లేదు. గోవాలో వైద్యవిద్య లేని సామాన్యులకే కొన్ని వారముల శిక్షణ యిచ్చి, ఆఱు మొదలు ఎనిమిది కూర్పులలో కుంగినవారిచేత చిన్న పనులు చేయించు పద్ధతిని 495 మందితో పరీక్షించిరి. ఫలితము 2017లో లాన్సెట్‌లో వచ్చినది: మూడు నెలలకు ఆ సాయము పొందినవారిలో నూటికి 64 మందియు, పొందనివారిలో 39 మందియు తేఱుకొనిరి. మా చెల్లెలిని ఆసుపత్రికి తీసికొనిపోయిన నర్సమ్మ ఆ లెక్కలెవ్వియు చదివియుండదు. 2022 అక్టోబరు 10వ తేదీన ప్రభుత్వము టెలి-మానస్ అను పేర ప్రారంభించిన సాయమునకు 14416 సంఖ్య. పగలైనను రాత్రియైనను రుసుము లేక తెలుగుననే మాటలాడవచ్చును. మూడు గంటల వేళ మేలుకొని కప్పు చూచువారికొఱకు ఆ సంఖ్యను ఇచ్చట వ్రాయుచున్నాము.

దీని దోషములను దాచము. తెరచికిత్సను వ్యాపారముగా నడపువారు అందఱును మన రహస్యమును కాపాడుదురని నమ్మరాదు. 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, బెటర్‌హెల్ప్ అను సంస్థ తన రోగుల వివరములను ప్రకటనల కంపెనీలకు అందజేసినదని ఆరోపించి, 78 లక్షల డాలర్లు చెల్లింపజేసినది. అంతకంటె పెద్ద దోషము మాకు మా చెల్లెలు చెప్పగా దెలిసినది. సంక్రాంతికి వచ్చినప్పుడు, "2011లో ఇది ఉండి ఉంటే నీకు అంత కాలం పట్టేది కాదేమో" నంటిమి. ఆమె గారెలపిండి రుబ్బుచు తల యెత్తకయే, "అప్పుడు నా ఫోను మా అత్తగారి దిండు కింద ఉండేది అన్నయ్యా" అనెను. ఇప్పటికిని ఎన్ని యిండ్లలో కోడలి ఫోను ఎవరి దిండుక్రింద నున్నదో, ఎవరి జేబులో నున్నదో చదువరులు తమ తమ యిండ్లలో చూచుకొందురుగాక. మాకు దొరకనిది గడియ పడు తలుపు మాత్రమే.

2024 మాఘమాసమునాటికి బుధవారపు కూర్పులు నెలకొకటిగా తగ్గినవి. కూర్పు లేని యొక బుధవారము ఆఱు గంటలకు పడకగదిలో పత్రములు దిద్దుచుండగా, ఇల్లు వింతగా నిశ్శబ్దముగా దోచినది. ముందుగదిలోనికి పోయి చూడగా, మా తల్లి ఆ సీరియలునే చూచుచున్నది. మాటలు మాకే సరిగా వినబడనంత తక్కువ స్థాయిలో బెట్టుకొన్నది.

"అమ్మా, నీకు వినబడుతోందా?" అంటిమి.

"నాకెప్పుడూ వినబడుతూనే ఉందిరా నాయనా. నీ మాటలు నా చెవిన పడకూడదనే ఆ వేళప్పుడు అంత పెంచేదాన్ని" అని మఱల తెరవైపు తిరిగినది.

మఱునాడు వడ్రంగిని పిలిపించి, తలుపును చిత్రిక పట్టించి, క్రొత్త గడియ వేయించితిమి. ఇన్నూఱు రూపాయలైనది.